ఖాళీ అనుకున్న చోట

పోయిన వారం మనం చెవులపిల్లని లైబ్రరీ కింది గదిలో, తెరిచిన తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. మధ్యలో వచ్చి కలిసినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి, ఆ పిల్ల ఎవరో ఆ గదిలో ఏం చేస్తోందో నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఆ యూనివర్సిటీలో ఒకప్పుడు చరిత్ర పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఒకాయన ఉండేవారు. క్లాసులో గడిపిన కాలం కన్నా పౌరహక్కుల గొడవల్లో గడిపిన కాలమే ఎక్కువ. హాస్టళ్లు ఊడ్చేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు ముందు గేటు తొక్కకూడదని, అందరూ తాగే కుళాయి ముట్టుకోకూడదని అక్కడ ఒక రూలు నడిచేది. దాని మీద వాళ్లు సమ్మె చేశారు. పోలీసులు లాఠీలు పట్టుకుని తరిమితే జనమంతా ఆడపిల్లల హాస్టల్ వెనక పెరట్లోకి పరిగెత్తి, ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనక గేటు దగ్గర ఇరుక్కుపోయారు. ఎవరో తాళం తీశారు, జనం ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తీసింది నేనేనని ప్రొఫెసర్ గారు కోర్టులో ఒప్పుకుని జైలుకి పోయారు. ఉద్యోగం కూడా పోయింది. తల నెరిశాక అదే యూనివర్సిటీ పిలిచి ఆయనకి సన్మానం చేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయన పోయారు.

ఆయన చివరి రోజుల్లో చెప్పుకున్న కబుర్ల రికార్డింగులు, పాత ఫొటోలు, ఆ గొడవ ఎక్కడెక్కడ జరిగిందో చూపించే మ్యాపులు, వీటన్నిటినీ బ్యాచ్ వెంట బ్యాచ్ విద్యార్థులు వెబ్‌సైట్లుగా కట్టి పెట్టారు. అవన్నీ ఉన్న పాత సర్వర్‌కి వయసైపోయింది. ఇవాళ సాయంత్రం ఆపేస్తున్నారు. కొత్తదాంట్లోకి చేర్చినవి ఉంటాయి, చేర్చనివి ఉండవు. ఈ చేర్చే పనికి మొదట్లో అరడజను మంది ఎగబడ్డారు. ఒకడికి ఉద్యోగం వచ్చింది, ఒకమ్మాయికి వేరే టాపిక్ నచ్చింది, ఇంకొకడు చెప్పా పెట్టకుండా రావడం మానేశాడు. అలా జారుకోగా జారుకోగా మిగిలింది ఈ అమ్మాయి ఒక్కతే. పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకునే ఉంటుందని వెళ్లిపోయినవాళ్లు పెట్టిన పేరు చెవులపిల్ల. పేరు పెట్టినవాళ్లు పోయారు గానీ పేరు పోలేదు.

అంతా చేర్చేశానని, పాతదాంట్లో ఇక ఏమీ మిగల్లేదని, ఆ సర్వర్‌ని చూసుకునే మెషీన్ గదికి ఫోన్ చేసి చెప్పి, హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలేసరికి ఎవరో తలుపు తట్టారు. చేతిలో గొడుగు, మెడకి తాడుతో వేలాడే కళ్లజోడు, ఎవరో పెద్దావిడ. ప్రొఫెసర్ గారి భార్యనని చెప్పింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆయన మాట్లాడినవన్నీ మా మనవరాలు ఫోన్లో వినిపించింది అమ్మాయ్. అన్నీ విన్నాను. అందులో నేను లేనేం?"

అక్కడ ఆగాం.

పాపం, వయసు మీద పడింది, మనిషి పోయిన దిగులు, ఏదో అనుకుని ఏదో అడుగుతోంది అనుకుంది చెవులపిల్ల. ఆ జాలి గొంతులోకి రాకుండా జాగ్రత్తపడుతూ, "అవి సార్‌ని అడిగిన ఇంటర్వ్యూలమ్మా. సార్ ఒక్కరే మాట్లాడారు," అంది.

"ఒక్కరే ఎలా మాట్లాడతారు? పక్కనే ఉన్నానుగా నేను."

"అంటే, ఇంట్లో ఉన్నారేమో. టీ ఇవ్వడానికి అటూ ఇటూ తిరుగుతూ…"

"టీ ఇచ్చి కూర్చున్నాను. ఆయన కుర్చీకి వెనగ్గా నా కుర్చీ. ఆ వచ్చిన అబ్బాయి మైకు మాత్రం ఆయన చొక్కాకే పెట్టాడు," అంటూ పెద్దావిడ లోపలికి వచ్చింది. గొడుగు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసింది. కిటికీ లేని గది అది. గోడ వెంట ఖాళీ అట్టపెట్టెలు, కరెంటు తీగల చుట్టలు, ఒక టేబుల్, దాని మీద రెండు కంప్యూటర్లు, మూత లేని నీళ్ల సీసా. రెండో కుర్చీ మీద పాత హార్డ్ డిస్కులు పోగేసి ఉన్నాయి. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్లయిందో చెవులపిల్లకే గుర్తు లేదు. గబగబా వాటిని నేల మీదికి దించి, దుమ్ము చేత్తోనే తుడిచింది.

"ఇక్కడ నువ్వొక్కదానివేనా?"

"ఒక్కదాన్నే అమ్మా."

"పలకరించడానికైనా ఎవరూ రారా?"

వస్తారని చెబుదామనుకుంది గానీ చెవులపిల్లకి అబద్ధం నోటికి అందలేదు. "సార్ ఉన్నారుగా," అనేసి నాలుక్కరుచుకుంది.

ఇది సరదాకి అన్న మాట కాదని మనకి తెలుసు. చెవులపిల్ల మధ్యాహ్నం డబ్బా విప్పేది ఆయన గొంతు వింటూనే. జ్వరం తగిలి తన అద్దె గదిలో పడుకున్న రోజున కూడా ఫోన్లో ఆయన్నే పెట్టుకుంది. మధ్యలో ఆయన "అర్థమైందా?" అని ఎవరినో అడిగితే "అయింది సార్" అని పైకే జవాబు చెప్పేది. అమ్మ రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది, తిన్నాను అంటే ఇక అడగడానికి ఏమీ ఉండదు. బతికున్న మనిషి ఎవరితోనూ ఆ పిల్ల ఇన్ని గంటలు గడపలేదు. ఆయన ఎక్కడ గొంతు తగ్గిస్తారో, ఏ మాట ముందు చిన్నగా నవ్వుతారో కళ్లు మూసుకుని చెప్పగలదు. అందుకే పెద్దావిడ తర్వాత అన్న మాట నేరుగా వచ్చి గుచ్చుకుంది.

"అదీ ఆయన గొంతే గానీ ఆయన మాట కాదు అమ్మాయ్. ఆయన అలా గడగడా ఎప్పుడు మాట్లాడారు? వార్తలు చదివేవాడిలా ఉంది నాకు."

చెవులపిల్లకి ముక్కు మీద కోపం ఉంది. మామూలుగా అయితే దిగమింగేది. కానీ ఈ పని అలాంటిలాంటిది కాదు, కొన్ని నెలలు ఒంటి చేత్తో లాగిన పని. డిపార్ట్‌మెంట్ హెడ్ గారు కూడా భుజం తట్టిన పని.

"నేనే శుభ్రం చేశానమ్మా. అసలు రికార్డింగులు వింటే మీకు తెలిసేది. మీ ఇంట్లో ఫ్యాను కిర్రుకిర్రుమని ఒకటే గోల. మాటకీ మాటకీ మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. వినేవాళ్లకి ఓపిక ఉండదు, సగంలో ఆపేసి పోతారు. అందుకని ఆ ఖాళీలు తీసేశాను. ఒక్క మాట కూడా పోలేదు."

"ఖాళీలా?" అంది పెద్దావిడ.

"అంటే ఎవరూ మాట్లాడని చోట్లు."

"నేను మాట్లాడుతూనే ఉన్నానే."

చెవులపిల్ల ఏదో అనబోయి ఆగింది. ఆ పిల్ల బుర్రలో అప్పుడు ఏం తిరిగిందో చెప్పాలంటే వాళ్ల పని పద్ధతి కొంచెం చెప్పాలి.

ఖాళీలు చేత్తో తీయరు. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంతకన్నా తక్కువ శబ్దం ఉంటే అది ఖాళీ కింద లెక్క అని ఒక గీత గీసి చూపిస్తే చాలు, గీత కింద ఉన్నదంతా అదే కోసేసి మిగిలింది అతికిస్తుంది. ఈ బ్యాచ్ వాళ్లంతా దీన్ని ఊడ్చడం అనేవారు. ఏ కొత్త రికార్డింగు వచ్చినా ముందు ఊడ్చెయ్, తర్వాత విను, అదీ అలవాటు. ప్రొఫెసర్ గారి ఇంట్లో ఆ ఫ్యాను గోల ఉంది కదా, మామూలు గీత పెడితే ఫ్యాను కూడా మాటే అనుకుని సాఫ్ట్‌వేర్ దేన్నీ కోయలేదు. చెవులపిల్ల గీతని పైకి జరిపింది. ఇంకా పైకి జరిపింది. ఫ్యాను మొత్తం పోయేదాకా జరిపింది. ఫ్యాను కన్నా మెల్లగా మాట్లాడే మనిషి ఎవరైనా ఆ గదిలో ఉంటే ఏమవుతుందని ఆ పిల్లకి తట్టలేదు. ఊడ్చాక వచ్చింది బాగుందని, చోటు చాలడం లేదని, అసలు రికార్డింగుల్ని కూడా చెరిపేసింది.

"మీరు మెల్లగా మాట్లాడేవారా అమ్మా?" అని అడిగింది. గొంతులో ఇందాకటి రోషం లేదు.

"ఆ అబ్బాయికి వినపడకూడదు కదా మరి. వినపడితే ఆయనకి చిన్నతనం కాదూ. ఆయన పేర్లు మర్చిపోయేవారు అమ్మాయ్. ఆఖరి రెండేళ్లూ అంతే. మనిషి మొహం గుర్తుంటుంది, ఏం చేశాడో గుర్తుంటుంది, పేరు ఉండదు. నా వైపు తల వాల్చేవారు. నేను వెనక నుంచి అందించేదాన్ని. ఆ అబ్బాయికి తెలియకేం, మొహం తిప్పుకుని కూర్చునేవాడు. మంచి పిల్లాడు."

సార్ ఒక్క మనిషి పేరు కూడా తడుముకోరని, ఆ వయసులో కూడా ఎంత జ్ఞాపకమని ఆ పిల్ల వెబ్‌సైట్ మొదటి పేజీలో రాసింది. దాన్ని చదివి హెడ్ గారు బాగుందన్నారు.

కోసిన ముక్కల్ని ఆ సాఫ్ట్‌వేర్ వెంటనే పారెయ్యదు. ఒక పక్కన ఫోల్డర్లో పోగేస్తుంది, అవసరం లేదనుకుంటే మనమే చెరుపుకోవాలి. ఎప్పటికప్పుడు చెరపాలని రూలు. చెవులపిల్ల బద్ధకించింది. పాత సర్వర్ ఎలాగూ పోయేదే కదా, దాంతో పాటే ఇదీ పోతుందిలే అనుకుంది. 'ఊడ్చినవి' అని పేరు పెట్టిన ఆ ఫోల్డర్ ఇంకా అక్కడే ఉంది. ఇందాక మెషీన్ గదికి ఫోన్ చేసి ఏమీ మిగల్లేదని చెప్పింది దీన్ని లెక్కలో వేసుకోకుండానే.

హెడ్‌ఫోన్లు తీసి స్పీకర్లు పెట్టింది. వాల్యూమ్ బటన్ని చివరిదాకా తిప్పింది. మొదటి ముక్కలో ఫ్యాను తప్ప ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడో ముక్కలో ఫ్యాను కింద నుంచి ఏదో కదిలింది.

"ఇదిగో, వాడెవరు, బకెట్లు మోసేవాడు…"

"బకెట్ల మామ."

"ఆఁ."

అంతే ముక్క. తర్వాతి ముక్కలో ఆవిడే, "వాళ్ల అక్కాచెల్లెళ్లు కూడా వచ్చారు, చెప్పండి." ఆ తర్వాత, "కాదు, తల పగిలింది పెద్దామెకి. చిన్నామెకి చెయ్యి." ఆ తర్వాత, "మంచినీళ్లు తాగండి. తొందరేం లేదు." అదీ గాలిలో కలిసిపోయేటంత చిన్న గొంతు. ఎంత ఓపిక ఉందో ఆ గొంతులో. ఒకే ప్రశ్నకి ఆయన మూడుసార్లు తల వాలిస్తే మూడుసార్లూ మొదటిసారి చెప్పినట్టే చెప్పింది.

పెద్దావిడ స్పీకర్ వైపు వంగి వింటోంది. పెదాలు కదులుతున్నాయి. స్పీకర్లో పేరు వచ్చే లోపలే ఈవిడ నోట్లో పేరు వచ్చేస్తోంది.

"ఇప్పటికీ పొద్దున లేవగానే వాళ్ల పేర్లన్నీ ఒకసారి చెప్పుకుంటాను," అంది. "ఎవరికి అందించాలని? ఆయన లేరుగా. అలవాటు పోవడం లేదు. వంటింట్లో నాకు నేనే చెప్పుకుంటుంటే మా మనవరాలు నవ్వుతుంది."

ఆవిడ కూడా నవ్వబోయింది గానీ మొహం సహకరించలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది. చెవులపిల్లకి ఏం చెయ్యాలో తోచలేదు. మూత లేని ఆ నీళ్ల సీసానే ముందుకి జరిపింది. ఆ పిల్లకి ఏడుపు వస్తోంది, కానీ దానికి కారణం వేరే. ఇన్నాళ్లూ ఈ గదిలో తనకి తోడున్న మనిషి, గడగడా మాట్లాడే ఆ ధైర్యం మనిషి, అసలు లేనే లేడు. తనే కోసి అతికించి తయారు చేసుకుంది. తన పక్కన ఎవరూ లేరన్న సంగతి అంత స్పష్టంగా ఇంతకు ముందెప్పుడూ తెలియలేదు.

ముందు పని చూడాలని హెడ్ గారికి ఫోన్ చేసింది. ఇంకో ఫోల్డర్ కూడా చేర్చాలి సార్ అంది.

"ఏముంది అందులో?"

"ఖాళీలు సార్. అంటే, కోసేసినవి."

"ఖాళీలకి చోటెందుకమ్మా?" అని ఆయన నవ్వారు. "ఇంటికెళ్లి పడుకో. బాగా అలిసిపోయినట్టున్నావు."

నిజం చెప్పలేకపోయింది. చెబితే హెడ్ గారు ముందు అడిగేది సార్ మతిమరుపు గురించే. సరే సార్ అని ఫోన్ పెట్టేసింది. మెషీన్ గది ఆయన మాత్రం మంచివాడు, అడిగితే కాదనడు, ఆపేముందు తనే ఒకసారి ఫోన్ చేస్తానన్నాడు. ఈలోగా అన్నీ వినేద్దాం అనుకుని తర్వాతి ముక్క నొక్కింది.

ఏ ముక్క ఏ నిమిషం దగ్గర కోసిందో దాని పేరులోనే ఉంటుంది. ఈ ముక్క ఎక్కడిదో చెవులపిల్లకి చూడగానే తెలిసింది. ఆ ఇంటర్వ్యూలో ఆ చోటు ఆమెకి కంఠతా వచ్చు. ఆ అబ్బాయి అడుగుతాడు, ఆ రోజు గేటు తాళం ఎవరు తీశారు సార్ అని. అడగడమే ఆలస్యం, ప్రొఫెసర్ గారు "నేనే తీశాను" అంటారు. వెబ్‌సైట్ తెరవగానే ముందు వినపడేది ఆ రెండు మాటలే. గది గోడ మీద అంటించిన పోస్టర్లో ఉన్నవీ అవే. అంత టక్కున జవాబిచ్చే మనిషని ఆ పిల్ల ఎంత మురిసిపోయిందో. ఆ ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఇంత పొడుగు ముక్క ఉందని ఇప్పుడే చూసింది.

"గేటు గురించి అడిగిన చోటిది," అనుకుంది పైకే. పెద్దావిడ చెయ్యెత్తింది. "అది వద్దులే అమ్మాయ్."

కానీ అప్పటికే నొక్కేసింది.

ఫ్యాను. చాలాసేపు ఫ్యానే. తర్వాత ఆయన, బాగా చిన్నగా, పక్కకి తిరిగి అడిగినట్టు.

"ఎవరు తీశారే?"

ఫ్యాను.

"మీరే."

"నేనా?"

"ఊఁ. మీరని చెప్పండి."

ముక్క అయిపోయింది. చెవులపిల్ల చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. పెద్దావిడ గొడుగు పిడి పట్టుకుని దాన్నే చూస్తోంది.

"సార్ తీయలేదా?" అని అడిగింది చెవులపిల్ల.

పెద్దావిడ గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పింది.

"చెప్పండమ్మా. సార్ తీయలేదా? కోర్టులో చెప్పారు. జైలుకెళ్లారు. మేం ఇంత చేశాం, ఇంతమంది చేశారు, ఈ మాట మీదే కదా మొత్తం…"

"ఆడపిల్లల హాస్టల్ వెనక గేటు తాళంచెవి ఆయన దగ్గర ఎందుకుంటుంది అమ్మాయ్?" అంది పెద్దావిడ. అరవలేదు, నొచ్చుకోనూ లేదు, పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఇన్ని మ్యాపులు గీశారు మీరు. గేటు ఎక్కడుందో గీశారు, కుళాయి ఎక్కడుందో గీశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుండేదని ఒక్కళ్లకీ అనుమానం రాలేదు. ఆ హాస్టల్‌కి వార్డెన్ని నేను."

చెవులపిల్లకి తల కొట్టేసినట్టయింది. ఆ మ్యాపు చివరిసారి సరిచూసింది తనే. వార్డెన్ గది అని చిన్న అక్షరాల్లో రాసింది కూడా తనే.

"మరి ఎందుకమ్మా, సార్ తనమీద ఎందుకు వేసుకున్నారు?"

"నాకప్పుడు ఏడో నెల. జైల్లో కంటానని ఆయన భయం. కోర్టులో వాళ్లు అడగ్గానే లేచి నిలబడి నేనే అన్నారు. ముందు నాతో ఒక మాట అనలేదు. అందరూ వెళ్లి ఆయన చేతులు పట్టుకుంటున్నారు, నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నాను. నా మంచికే చేశారు. నాకు తెలుసు. ఉద్యోగం పోయాక ఇల్లు నా జీతం మీదే గడిచింది, అదీ తెలుసు. అయినా నేను జీవితంలో చేసిన ఒకే ఒక్క పెద్ద పని అది. ఆయన తీసేసుకున్నారు. ఎన్నేళ్లు కాపురం చేసినా ఆ కోపం నాకు పోలేదు అమ్మాయ్. ఆయన అన్నం తింటూ నవ్వుతుంటే కూడా గుర్తొచ్చేది. ఒక్కరితో అనలేదు. ఎవరితో అంటాను?"

"మరి సార్ అడిగారు కదా మిమ్మల్ని. ఎవరు తీశారని ఆయనే అడిగారు. అప్పుడైనా…"

"అదే. అడిగారు. ఆయనకి నిజంగానే గుర్తు లేదు. నేను అన్న ఒక్క మాట చాలు, నాది నాకు వచ్చేసేది. అన్నేళ్లు ఎదురు చూశాను ఆ మాట కోసం. నా మొహంలోకి చూస్తున్నారు, చిన్నపిల్లాడిలా. పేర్లు పోయాయి, ఊళ్లు పోయాయి, రాసిన పుస్తకాలు కూడా ఎవరివో అన్నట్టు చూసేవారు. ఇది కూడా లాగేసుకుంటే ఇక ఆయన దగ్గర ఏముంటుంది? అందుకని మీరే అన్నాను."

పక్క గదిలో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. చెవులపిల్ల చెయ్యి చాపి పెద్దావిడ మోచేతి మీద వేసింది. ఆ పిల్ల ఒక మనిషిని తాకి చాలా రోజులైంది. ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియక ఊరికే వేసి ఉంచింది.

"మరి ఇప్పుడెందుకొచ్చారమ్మా?"

"ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది అమ్మాయ్. పొద్దున్నుంచి రాత్రిదాకా ఒక్క మాట అందించే పని లేదు. నేను అక్కడ, ఆ కుర్చీలో, నిజంగా కూర్చున్నానా అని నాకే అనుమానం వచ్చింది. ఒకసారి నా గొంతు నేను విని వెళ్లిపోదామని వచ్చాను. ఇది నువ్వు వింటావని అనుకోలేదు."

టేబుల్ మీద ఫోన్ మోగింది. మెషీన్ గది ఆయన.

"ఆపేస్తున్నానమ్మా. పైనుంచి తొందర పెడుతున్నారు. ఒకసారి ఆపితే మళ్లీ లేవదు అది. ఇంకేమైనా ఉందా?"

"ఒక్క నిమిషం, లైన్లోనే ఉండండి," అని చెవులపిల్ల ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది. గొంతు తగ్గించి పెద్దావిడతో గబగబా చెప్పేసింది. "అమ్మా, దీన్ని చేరిస్తే అందరూ వింటారు. సార్ కోర్టులో అబద్ధం చెప్పారంటారు. మతిపోయిన మనిషి మాటలేం సాక్ష్యం అంటారు. ఆ రూలు, ఆ దెబ్బలు, అన్నీ కట్టుకథలని కొట్టిపారేసేవాళ్లు రెడీగా ఉన్నారు. చేర్చకపోతే ఇవాళ్టితో ఇది ఉండదు. మీ గొంతు ఇంకెక్కడా లేదు. అసలు రికార్డింగులు నేనే చెరిపేశాను. నా తప్పే. కానీ ఇది నేను ఒక్కదాన్నే తేల్చలేను. మీరు చెప్పండి, ఉంచనా, వద్దా?"

"ఆయన్ని తిడతారా?"

"తిట్టేవాళ్లు తిడతారు."

"ఊడ్చేవాళ్లని కూడా అంటారా, అబద్ధమని?"

"అంటారు."

ఫోన్లో నుంచి మెషీన్ గది ఆయన హలో హలో అంటున్నాడు. పెద్దావిడ గోడ మీది పోస్టర్ వైపు తిరిగింది. అందులో భర్త మొహాన్ని చూసి, కింద ఆ రెండు మాటల్ని చదువుకుంది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివింది.

"ఉంచు," అంది. "కానీ ఆ గుసగుస ఒక్కటే ఉంచితే దొంగతనంగా దొరికినట్టు ఉంటుంది. దాని పక్కన నా మాట కూడా ఉండాలి. ఆయన్ని ఎలా అడిగారో నన్నూ అలా అడగండి. నాకూ మైకు పెట్టు."

చెవులపిల్ల ఫోన్ మీంచి చెయ్యి తీసింది. "ఉంది. 'ఊడ్చినవి' అని ఒక ఫోల్డర్ ఉంది. మొత్తం కావాలి. ఒక్క ముక్క కూడా వదలొద్దు," అంది. అవతల ఆయన సణుక్కున్నాడు గానీ సరేనన్నాడు. హెడ్ గారు రేపు ఏమంటారో రేపు చూసుకోవచ్చు.

అట్టపెట్టెల్లో వెతికి మైకు తీసింది. పెద్దావిడ చీర మడతకి క్లిప్పు పెట్టింది. ఇన్నాళ్లూ చచ్చిపోయినాయన మాటలు వినడమే గానీ, ఎదురుగా ఉన్న మనిషిని ప్రశ్న అడిగిన అనుభవం లేదు ఆ పిల్లకి. రికార్డింగు బటన్ నొక్కింది. గీతలన్నీ తీసేసి, ఏదీ కోయకుండా ఉండేలా పెట్టింది.

"ఆ రోజు గేటు తాళం ఎవరు తీశారమ్మా?"

"నేను."

గట్టిగా చెప్పింది, గదంతా వినపడేటట్టు. చెవులపిల్ల తర్వాత ఏం అడగాలా అని తడుముకుంటూ ఉంటే, పెద్దావిడే ముందుకి వంగింది.

"కోర్టులోనూ ఇదే అడిగారు, పేపర్లవాళ్లూ ఇదే అడిగారు, ఎవరు తీశారని. ఎందుకు తీశావని నన్ను ఎవరూ అడగలేదు. లోపల ఇరుక్కున్నవాళ్లు బయటికి పోవడానికి తీశానని ఆయన కూడా అనుకున్నారు, అలా అనుకునే జైలుకెళ్లారు. పోలీసులు వచ్చేదాకా నేను ఆగలేదు అమ్మాయ్. వాళ్లు రాకముందే తీసి పెట్టాను. బయటి నుంచి ఒక మనిషి లోపలికి రావాలి ఆ రోజు. వచ్చాడు కూడా."

ఆ వచ్చిన మనిషి ఎవరో వచ్చే వారం చెప్పుకుందాం.